బడి మానిపించాక మిగిలే పని ఎవరిది?

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే, అంటే హోమ్‌స్కూలింగ్ చేస్తున్న తల్లిదండ్రులు నలుగురు ఒకచోట చేరితే బడుల మీద ఫిర్యాదులు పావుగంటలో అయిపోతాయి. ఫీజులు, హోంవర్కు, ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్, పిల్లవాడు మోయలేని బ్యాగు... వీటి మీద వాళ్లలో వాళ్లకు పేచీ లేదు. అసలు మాటలు ఆ తర్వాత మొదలవుతాయి. ఎనిమిదేళ్లొచ్చాయి, మావాడింకా చదవడం లేదు, ఆగుదామా? లెక్కలు రోజూ కూర్చోబెట్టి చెప్పాలా? యూట్యూబ్‌లో అగ్నిపర్వతాలు చూస్తే సైన్సు అయిపోయినట్టేనా? పదో తరగతి ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్‌లో కట్టాలా, కేంబ్రిడ్జ్ అనే విదేశీ బోర్డులోనా? ఊళ్లో అత్తగారికి ఏం చెప్పారు? బయటి నుంచి చూసేవాళ్లకు ఈ కుటుంబాలన్నీ ఒకే తాను ముక్కలు. దగ్గరికి వెళ్తే ఏ రెండిళ్లకూ పొసగదు.

హైదరాబాద్ ఐటీ కారిడార్ అపార్టుమెంట్లలోనూ, విశాఖ, విజయవాడల్లో అక్కడక్కడా, డాలస్, అట్లాంటా శివార్లలోని తెలుగు ఇళ్లలోనూ వినిపించే ఈ వాదనలను కొంతకాలంగా వింటున్నాను. విన్నకొద్దీ నాకు తోచిందొకటే. బడి చదువు చెప్పడంతో ఆగదు. పిల్లల్ని రోజుకు ఏడెనిమిది గంటలు చూసుకుంటుంది, ఈడు పిల్లల్ని ఒకచోట చేరుస్తుంది, చివర్లో ఒక సర్టిఫికెట్ చేతిలో పెడుతుంది. బడి మానిపించిన రోజున ఈ పనులేవీ తగ్గవు. ఇంట్లో ఎవరో ఒకరి నెత్తిన పడతాయి. ఎవరి నెత్తిన పడ్డాయన్నది తేలని ఇంట్లో పద్ధతుల గురించి వాదన ఎక్కువ. పైకి జాన్ హోల్ట్, షార్లట్ మేసన్ లాంటి విద్యావేత్తల పేర్లు వినిపిస్తాయి గానీ, లోపల నడిచేది పనుల పంపకాల తగాదా.

ఆగుదామా, చెబుదామా

అయినా పద్ధతుల గొడవతోనే మొదలుపెట్టాలి, ఎక్కువ సాయంత్రాలు తినేది అదే కాబట్టి. ఒక వైపు టైమ్‌టేబుల్ వాళ్లు: పొద్దున తొమ్మిదికి లెక్కలు, పదికి ఇంగ్లీషు, గోడకు చార్టు, నెలాఖరుకు చిన్న పరీక్ష. మరోవైపు అన్‌స్కూలింగ్ వాళ్లు. ఆ మాటను 1970లలో ప్రచారంలోకి తెచ్చినవాడు జాన్ హోల్ట్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు. పిల్లల్ని ఆసక్తి ఎటు లాగితే అటు వెళ్లనివ్వండి, అడిగినప్పుడు సాయం చేయండి, అంతకు మించి చేయకండి అన్నది ఆయన వాదన సారాంశం. మధ్యలో షార్లట్ మేసన్ పేరు చెప్పి మంచి కథల పుస్తకాలు, చెట్టూ పుట్టా తిరగడాలు పెట్టుకునేవాళ్లు, మాంటిస్సోరి చెక్క సామాను కొనుక్కునేవాళ్లు ఉంటారు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం ముగిసేదాకా మన దేశంలోనే ఉండిపోయింది. కాబట్టి ఆ పేరు మనకు కొత్త కాదు, ఆ సామాను ధరే కొత్త.

బడి మానిపించిన కొత్తలో 'డీస్కూలింగ్' అని ఒక విరామం ఇస్తారు. బడిలో గడిపిన ప్రతి ఏడాదికీ ఒక నెల చొప్పున ఏమీ చెప్పకుండా వదిలేయాలన్న లెక్క ఈ కుటుంబాల్లో నోటా నోటా తిరుగుతుంటుంది. ఐదో తరగతిలో మానిపిస్తే ఐదారు నెలలన్నమాట. ఇంట్లో మొదటి పెద్ద గొడవ వచ్చేది ఈ నెలల్లోనే. పిల్లాడు పదింటికి లేస్తాడు, మధ్యాహ్నం దాకా బొమ్మలేస్తాడు, సాయంత్రం ట్యాబ్ పట్టుకుంటాడు. పుస్తకాలు చదివి, వీడియోలు చూసి, అందరినీ ఒప్పించి మానిపించిన నాన్న ఆఫీసులో ఉంటాడు. ఆ పదింటి నుంచి పడుకునేదాకా పక్కన ఉండేది అమ్మ. 'కాస్త నమ్మకం పెట్టుకో' అని ఆయన, 'నువ్వొక్క వారం ఇంట్లో ఉండి నమ్మకం పెట్టుకో' అని ఆమె.

చదవడం ఆలస్యమయ్యే పిల్లల సంగతి ఇంకాస్త లోతుగా చూడాలి. ఎనిమిదికో తొమ్మిదికో తనంతట తానే చదువుతాడు, కంగారు పడకండి అన్నది అమెరికా నుంచి వచ్చిన సలహా. అక్కడ ఆ మాటకు కొంత ఆధారం ఉంది: పిల్లవాడు మాట్లాడే భాషా, వీధి బోర్డుల మీదా పాల డబ్బా మీదా ఉండే భాషా ఒకటే. మన దగ్గర పిల్లాడు ఇంట్లో సగం తెలుగు సగం ఇంగ్లీషు మాట్లాడతాడు, పుస్తకాలన్నీ ఇంగ్లీషువి, అపార్టుమెంటు నోటీసు బోర్డూ ఇంగ్లీషే. ఆ ఇంట్లో కూర్చుని తెలుగు తనంతట తానే వస్తుందని ఆగితే రాదు. అలాగని తెలుగు చదవడం నేర్పడం కష్టమైన పనేమీ కాదు. అక్షరాలు, గుణింతాలు, వత్తులు పట్టుబడితే ఏ పేజీ అయినా చదివేయవచ్చు. ఇంగ్లీషులోలాగా ఒక్కో మాట స్పెల్లింగునూ విడిగా గుర్తుపెట్టుకునే బాధ లేదు. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున కొన్ని నెలలు కూర్చోబెట్టడానికి ఒక మనిషి కావాలి, అంతే.

ఇక్కడ ఈ తల్లిదండ్రుల మీద నాకు ఫిర్యాదు ఉంది. బడి వదిలేయడానికి కారణాలు చెప్పేటప్పుడు 'మాతృభాష' అన్నమాట చాలామంది వాడతారు. తెలంగాణలో 2018లో వచ్చిన చట్టం ప్రకారం బడుల్లో ఒకటి నుంచి పది దాకా తెలుగు తప్పనిసరి. ఎంత మొక్కుబడిగా అమలైనా బడికి వెళ్లే పిల్లవాడు ఓనమాలు దాటకుండా ఉండలేడు. ఇంట్లో చదివే పిల్లవాడికి ఆ పాటి ఒత్తిడి కూడా లేదు. ఫలితంగా మాతృభాష కోసం బడి వదిలిన ఇంట్లోనే తెలుగు రాని పిల్లలు పెరుగుతున్నారు. నానమ్మకు ఫోన్లో వాయిస్ మెసేజ్ పంపడం తప్ప, ఆమె రాసిన ఉత్తరం చదవలేరు. దీని మీద వాదించుకునే తల్లిదండ్రులు నాకు తక్కువగా తగిలారు. ఇంగ్లీషు చదవడం నేర్పే ఏ ఫోనిక్స్ పుస్తకం మంచిదన్న దాని మీద మాత్రం గంటలు గడుస్తాయి.

లెక్కల దగ్గరికొస్తే తెలుగు ఇల్లు మరోలా మారిపోతుంది. చరిత్ర, సైన్సు, బొమ్మలు అన్నింటిలోనూ స్వేచ్ఛ ఇచ్చే అన్‌స్కూలింగ్ తండ్రి కూడా ఎక్కాలు మాత్రం బట్టీ పట్టిస్తాడు. అబాకస్ క్లాసుకు పంపిస్తాడు. దీన్ని ఆక్షేపించేవాళ్లు అమెరికాలో జరిగిన బెనెజె కథ చెబుతారు. 1929లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్ బడుల సూపరింటెండెంట్ ఎల్.పి. బెనెజె కొన్ని తరగతుల్లో ఆరో తరగతి దాకా పద్ధతి ప్రకారం అంకగణితం చెప్పడం ఆపించాడు. తర్వాత మొదలుపెట్టిన పిల్లలు కొద్దికాలంలోనే మిగతావాళ్లను అందుకున్నారని రాశాడు. ఈ కథ చెప్పేవాళ్లు ఒక సంగతి వదిలేస్తారు. ఆ పిల్లలు రోజూ బడికే వెళ్లారు. లెక్కల పీరియడ్ పోయిన చోట వాళ్ల చేత మాట్లాడించారు, చదివినవి చెప్పించారు, దూరాలూ ఎత్తులూ అంచనా కట్టించారు. ఆ పని చేయడానికి టీచర్లు ఉన్నారు.

హోమ్‌స్కూలింగ్ మీద వచ్చిన పరిశోధనలను కలిపి పరిశీలించిన రాబర్ట్ కున్జ్‌మన్, మిల్టన్ గైదర్ తేల్చిన సంగతి కూడా దీనికి దగ్గరగానే ఉంది: ఇంట్లో చదివిన పిల్లలు భాషలో బలంగా, లెక్కల్లో కాస్త బలహీనంగా కనిపిస్తారు. కారణం ఊహించడం కష్టం కాదు. పుస్తకాలున్న ఇంట్లో మాటలు గాలిలోనే ఉంటాయి, భిన్నాలు ఉండవు. అందువల్ల ఎక్కాల తండ్రిని నేను వెక్కిరించను. హోమ్‌స్కూల్ పిల్లలు పరీక్షల్లో బడి పిల్లల కంటే ఎంతో ముందుంటారని చెప్పే అమెరికన్ సర్వేలను మాత్రం జాగ్రత్తగా చదవాలి. వాటిలో చాలా వాటికి స్వచ్ఛందంగా ముందుకొచ్చిన కుటుంబాలే ఆధారం. పిల్లవాడు వెనకబడిన ఇల్లు సర్వే ఫారం నింపి పంపదు.

స్క్రీన్ గురించి రెండు మాటలు చాలు. ట్యాబ్ వద్దనే ఇళ్లకూ, ట్యాబే బడి అనే ఇళ్లకూ మధ్య సిద్ధాంతపరమైన తేడా ఉందని మొదట్లో అనుకునేవాణ్ని. చూడగా చూడగా తేడా ఇంట్లో ఇంకో పెద్ద మనిషి ఉన్నారా లేదా అన్న దగ్గర తేలింది. అమ్మమ్మ ఉన్న ఇంట్లో ట్యాబ్ తక్కువ.

అమ్మ టైమ్

2024 జాతీయ టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనిలో పాలుపంచుకునేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. పిల్లలు బడికి వెళ్లే దేశపు లెక్క ఇది. బడి చేసే పని కూడా ఇంటికే వచ్చిపడితే ఆ భారం ఎటు ఒరుగుతుందో చెప్పడానికి సర్వే అక్కర్లేదు. 'మేమిద్దరం కలిసి చేస్తున్నాం' అనే ఇంట్లో లెక్కల పుస్తకం ఎన్నో పేజీలో ఉందని అడిగి చూడండి. ఇద్దరిలో ఎవరు తడుముకోకుండా చెబుతారో తెలిసిపోతుంది. నాన్న శనివారం నాడు వంటసోడా, వెనిగర్ పోసి నురగ పొంగించి చూపిస్తాడు. ఆ ఫోటోలు అందరికీ వెళ్తాయి. మంగళవారం మధ్యాహ్నం భాగహారం దగ్గర ఏడుపును ఎవరూ ఫోటో తీయరు.

ఈ సంగతి తల్లులు తమలో తాము బాగానే మాట్లాడుకుంటారు, మగవాళ్లు లేని చోట. ఉద్యోగం మానేసిన ఆవిడకూ, పార్ట్‌టైమ్ చేస్తూ నెట్టుకొస్తున్న ఆవిడకూ మధ్య ఒక సన్నని పోరు నడుస్తుంటుంది. మొదటావిడ దృష్టిలో ఇది పూర్తి సమయం ఇవ్వాల్సిన పని, ఇవ్వలేనివాళ్లు బడికి పంపడం మేలు. రెండో ఆవిడ జవాబు ఇంకా పదునుగా ఉంటుంది: 'పిల్లకు స్వేచ్ఛ నేర్పాలని నువ్వు ఇంట్లో కూర్చుంటే, అది చూసి నీ కూతురు ఏం నేర్చుకుంటుంది?' ఈ వాదనలో నేను రెండో ఆవిడ పక్షం. అయితే ఆమె ఇంట్లో వంటమనిషి ఉందన్నదీ చెప్పాలి.

అమెరికాలో ఇదే వాదన వేరే వేషంలో కనిపిస్తుంది. భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా వచ్చే హెచ్-4 వీసా మీద ఉండి పనిచేసే అనుమతి లేని తల్లికి ఉద్యోగం మానేయాల్సిన అవసరమే రాదు. ఆమె సమయానికి అప్పటికే ఎవరూ విలువ కట్టడం లేదు. ఇంజినీరింగ్ చదివిన మనిషి, రోజంతా ఖాళీ, ఊరు నిండా లైబ్రరీలు. కొందరికి హోమ్‌స్కూలింగ్ నిజంగానే ఒక వృత్తి దొరికినట్టయింది. పని అనుమతి రాగానే పిల్లల్ని బడిలో చేర్పించినవాళ్లూ ఉన్నారు. అలా చేర్పించినప్పుడు తోటి తల్లులు 'వదిలేశావా' అని అడుగుతారు చూడండి, అందులో ఉన్నంత కాఠిన్యం బడి వాళ్ల విమర్శలో కూడా నేను వినలేదు.

ప్రభుత్వాలు తల్లి పనిని ఎలా చూస్తాయన్నది ఇక్కడే చెప్పుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి, బిడ్డను బడికి పంపే పేద తల్లికి ఏటా 15,000 రూపాయలు అన్నది. 75 శాతం హాజరు షరతు పెట్టింది. ప్రభుత్వం మారాక తల్లికి వందనం పేరుతో అలాంటి పథకమే వచ్చింది. హోమ్‌స్కూలింగ్ చేసేవాళ్లలో ఎక్కువమంది ఈ పథకాల పరిధిలోకి వచ్చే ఆదాయం వాళ్లు కారు, కాబట్టి వాళ్లకేదో అన్యాయం జరిగిందని అనను. తల్లి పని బిడ్డను గేటు దాకా చేర్చడం అన్నది ప్రభుత్వం లెక్క. గేటు లోపలి పని కూడా ఆమే చేస్తే, దాన్ని రాసుకునే గడి ఏ ఫారంలోనూ లేదు.

స్నేహితులేరి?

చుట్టాలూ ఇరుగుపొరుగూ మొదట అడిగేది ఇదే, హోమ్‌స్కూలింగ్ తల్లిదండ్రులకు వినీ వినీ విసుగొచ్చేదీ ఇదే. వాళ్ల దగ్గర సిద్ధంగా ఉండే జవాబు: బడిలో నలభై మంది నోరు మూసుకుని వరసగా కూర్చోవడం స్నేహం అవుతుందా? మంచి జవాబే. కానీ సాయంత్రం నాలుగు దాకా కాంప్లెక్సులో పిల్లలెవరూ ఉండరు, నాలుగు తర్వాత వాళ్లంతా ట్యూషన్లలో, కీబోర్డు క్లాసుల్లో, స్కేటింగ్‌లో ఉంటారు. బడికి వెళ్లని పిల్లకు ఖాళీ సమయం ఉంది, ఆడుకోవడానికి పిల్లలు లేరు. కాబట్టి వారానికి రెండు సార్లు ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు కారులో తిప్పి, తమలాంటి కుటుంబాలున్న చోట కలుపుతారు. ఆ డ్రైవింగ్ ఎవరిదో మళ్లీ చెప్పనక్కర్లేదు.

తల్లిదండ్రుల మధ్య తేడా ఇక్కడ కూడా ఉంది. కొందరికి ఈ ఏర్పాటు చాలు: వేర్వేరు వయసుల పిల్లలు కలుస్తారు, ఏడిపించే పిల్లల బెడద లేదు. మరికొందరు ఇంకాస్త నిజాయితీగా, మా పిల్లలకు తెలిసిన పిల్లలంతా ఒకే జీతం, ఒకే భాష, తరచు ఒకే కులం ఇళ్ల నుంచి వస్తున్నారని ఒప్పుకుంటారు. కార్పొరేట్ బడిలో మాత్రం అన్ని రకాల పిల్లలూ ఉంటారా అని ఎదురు ప్రశ్న వేస్తారు. అదీ నిజమే. ఫీజును బట్టే అక్కడా పిల్లలు వేరుపడతారు. వీధి చివర ప్రభుత్వ బడి ఎవరి లెక్కలోనూ ఉండదు. బడి వ్యవస్థ మొత్తాన్ని తిరస్కరించామనేవాళ్లు కూడా నిజానికి తిరస్కరించింది తాము ఫీజు కట్టగలిగిన బడులనే.

ఐదారు కుటుంబాలు కలిసి ఒక ఫ్లాట్‌లో ఒక టీచరును పెట్టుకుంటే ఈ ఒంటరితనం, అమ్మ భారం రెండూ తగ్గుతాయి. చాలామంది చివరికి చేరేది అక్కడికే. విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ మాత్రం గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా, ఆపకపోతే రోజుకు పదివేల దాకా జరిమానా అంటుంది. ఆరుగురు పిల్లలు, ఒక టీచరు, ఒక తెల్లబోర్డు ఉంటే అది బడేనా? కొందరు అద్దె ఒప్పందంలో 'హాబీ సెంటర్' అని రాసుకుంటారు. కొందరు భయపడి రారు. కొందరైతే ఇది బడే, మరి బడి ఎందుకు మానిపించినట్టు అంటారు. ఈ మూడో రకం వాళ్ల ప్రశ్నకు సరైన సమాధానం నేనింకా వినలేదు.

పద్నాలుగో ఏడు

అప్పటిదాకా ఎంత ధైర్యంగా ఉన్న ఇల్లయినా పిల్లకు పన్నెండు దాటాక సర్టిఫికెట్ గురించి ఆలోచించక తప్పదు. ఎన్‌ఐఓఎస్ పదో తరగతికి కనీస వయసు 14. ఐదు సబ్జెక్టులు చాలు, వాటిలో ఒక భాష ఉండాలి. తెలుగు మీడియం కూడా ఉంది. ఒకసారి నమోదైతే ఐదేళ్ల దాకా చెల్లుతుంది, తొమ్మిది సార్లు పరీక్ష రాసుకోవచ్చు. ఇంట్లో చదివే పిల్లలకు ఇంతకంటే అనువైనది మన దేశంలో లేదు. అయినా గొడవ ఆగదు, ఎందుకంటే ఈ ఐదు సబ్జెక్టుల్లో లెక్కలు ఉండి తీరాలన్న నిబంధన లేదు. బొమ్మలంటే ప్రాణమిచ్చే పిల్ల లెక్కలు వదిలేసి పెయింటింగ్ తీసుకుంటానంటుంది. తీసుకోనివ్వాలా? స్వేచ్ఛ గురించి పదేళ్లు మాట్లాడిన తల్లిదండ్రులు ఇక్కడ మాట మారుస్తారు. మారిస్తే తప్పు పట్టను. పాలిటెక్నిక్‌కు వెళ్లాలన్నా పాలిసెట్‌కు పదిలో లెక్కలు ఉండాలి. పద్నాలుగేళ్ల పిల్ల ఇష్టం ముఖ్యమే, పద్దెనిమిదేళ్ల పిల్ల అవకాశాలు కూడా ఆ పిల్లవే.

ఇంకో ఇబ్బంది మన సమాజానిది. 'ఓపెన్‌లో కట్టాడు' అంటే తెలుగునాట ఫెయిలయ్యాడనే వింటారు. ఉమ్మడి రాష్ట్రంలో 1991లో సార్వత్రిక విద్యాపీఠం పెట్టింది చదువు మధ్యలో ఆగినవాళ్ల కోసం; ప్రమోషన్ కోసం పది కట్టిన అటెండర్, పెళ్లయ్యాక ఇంటర్ పూర్తిచేసిన మహిళ ఆ కేంద్రాల్లో పరీక్ష రాస్తారు. వాళ్ల పక్కన తన మనవడు కూర్చోవడం తాతగారికి మింగుడుపడదు. డబ్బున్నవాళ్లు కేంబ్రిడ్జ్ వాళ్ల పదో తరగతి స్థాయి పరీక్ష ఐజీసీఎస్ఈని ప్రైవేటుగా రాయించడానికి సిలబస్ ఎంత కారణమో ఈ నామోషీ కూడా అంతే కారణమని నా అనుమానం. అక్కడ ఒక్కో సబ్జెక్టుకే వేలల్లో అవుతుంది.

ముందు కాలేజీల మాట. నీట్‌కు ఓపెన్ స్కూల్ విద్యార్థులు పనికిరారన్న నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. జేఈఈకి ఎన్‌ఐఓఎస్ పన్నెండో తరగతి పనికొస్తుంది. అసలు ఏ బోర్డూ వద్దనుకున్నవాళ్లు 2016లో వార్తల్లోకెక్కిన ముంబయి అమ్మాయిని చూపిస్తారు. ఏడో తరగతి ప్రాంతంలో బడి మానేసి, అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు తెచ్చుకుని, అమెరికాలో ఎంఐటీలో చేరింది. పన్నెండో తరగతి లేదు కనుక ఐఐటీల్లో ఆమెకు చోటు లేదు. ఒకే కథను ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా చెప్పుకోవచ్చు. ఒలింపియాడ్ పతకాలు లేని పిల్లల ఇంట్లో దాన్ని చెప్పుకోకపోవడమే మంచిది.

మన రాష్ట్రాల్లో ప్రత్యేకంగా ఉన్న ఒక ముడి గురించి మాత్రం చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. ఇంజినీరింగ్ ప్రవేశాల ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో లోకల్, నాన్‌లోకల్ తేల్చేది స్టడీ సర్టిఫికెట్లు. బడి ముఖం చూడకుండా ప్రైవేటుగా చదివినవాళ్లు వాటి బదులు పరీక్షకు ముందు ఏడేళ్లు ఇక్కడే ఉన్నట్టు నివాస ధ్రువపత్రం చూపించాలి. అద్దె ఇళ్లు మారుతూ, రెండేళ్లు బెంగళూరులో గడిపి వచ్చిన కుటుంబానికి అది తేలిగ్గా దొరికే కాగితం కాదు. పదేళ్ల పాటు ఏ పద్ధతి గొప్పదో వాదించుకున్న ఇంట్లో, ఈ కాగితం సంగతి ముందే కనుక్కున్నవాళ్లు ఒక్కరున్నా చాలు.

రిజిస్టరు ఉండాలా, వద్దా

చట్టం దగ్గర ఈ కుటుంబాలు నిలువునా రెండుగా చీలిపోతాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం పదో సెక్షన్, 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. చేర్చకపోతే శిక్ష ఏమిటో చెప్పదు. 2012లో ఢిల్లీ హైకోర్టులో నడిచిన ఒక కేసులో కేంద్రం, ఇష్టపడి ఇంట్లో చదివించుకునేవాళ్లకు ఈ చట్టం అడ్డం రాదన్న అర్థంలో ప్రమాణపత్రం వేసి, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుంది. అప్పటి నుంచీ నేరమూ కాదు, ఒప్పూ కాదు. ఈ అస్పష్టతే మనకు రక్ష, కదిలించకండి అనేది ఒక వర్గం. భయం వల్ల ఏదో చిన్న బడిలో పేరు మాత్రం రాయించి ఫీజు కడుతున్నవాళ్లు మరో వర్గం. వీళ్లు ఆ పనిని ముందుచూపు అంటారు. అవతలివాళ్లు దొంగ హాజరు అంటారు. నాదీ రెండో మాటే.

అసలు బడి మానిపించడం మీదే తెలుగునేల నుంచి వచ్చిన ఒక బలమైన అభ్యంతరం ఉంది, హోమ్‌స్కూలింగ్ తల్లిదండ్రులు దాన్ని తప్పించుకు తిరుగుతారు. 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పశువుల దగ్గర, పత్తి చేలలో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చిన ఎం.వీ. ఫౌండేషన్ ఒక సూత్రం మీద నిలబడింది: బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే. ఇంటి పని నేర్చుకుంటోంది, తండ్రి వృత్తి నేర్చుకుంటున్నాడు లాంటి మాటలను ఆ ఉద్యమం ఒప్పుకోలేదు. దాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది, 2007లో ఆమె జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలయ్యారు. 'మా పాప జీవితం నుంచి నేర్చుకుంటోంది' అని గచ్చిబౌలిలో తల్లి అనే మాటనే వికారాబాద్ పక్క పల్లెలో పత్తి రైతు అంటే మనం ఒప్పుకోం. ఒప్పుకోకూడదు కూడా. మరి చట్టంలో ఈ ఇద్దరికీ తేడా ఎక్కడ రాయాలి? తల్లి డిగ్రీ చూసి రాయలేం కదా.

దీనికి జవాబుగా కొందరు, పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే నివేదిక తీస్తారు. 2024లో పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. బడికి వెళ్తే చదువొస్తుందన్న హామీ లేదన్నది వాళ్ల వాదన. అంకె నిజం. కానీ ఆ పిల్లలకు బడి వదిలితే ఇంట్లో పాఠం చెప్పే మనిషి లేదు. బడి సరిగా నడవకపోవడం వల్ల ఎక్కువ నష్టపోతున్నది వాళ్లు. వాళ్ల అంకెను తెచ్చి మన పిల్లల్ని మానిపించడానికి వాడుకోవడం నాకు నచ్చదు.

అమెరికాలో యాభై రాష్ట్రాల్లోనూ హోమ్‌స్కూలింగ్ చట్టబద్ధమే గానీ, తీరు వేరు. టెక్సస్‌లో మొదటి నుంచీ ఇంట్లోనే చదివిస్తే ఎవరికీ చెప్పనక్కర్లేదు. పెన్సిల్వేనియాలో ఏటా అఫిడవిట్ ఇవ్వాలి, పిల్లవాడి పనిని ఫైలుగా కట్టి మదింపు చేసేవారికి చూపించాలి, 3, 5, 8 తరగతుల్లో పరీక్ష రాయించాలి. డాలస్‌లోని తెలుగు తల్లిని అడిగితే పెన్సిల్వేనియా పద్ధతి పోలీసు తనిఖీలా ఉందంటుంది. పిట్స్‌బర్గ్ తల్లి, ఆ ఫైలు కట్టేటప్పుడే ఏడాదంతా ఏం చేశామో నాకే తెలిసిందంటుంది. నాకు రెండో తీరే కావాలి, ఇంకొంచెం తేలిక చేసి. ఎనిమిదేళ్లకు, పదకొండుకు, పద్నాలుగుకు ఒకసారి పిల్ల ఏదో ఒక భాషలో చదవగలదా, లెక్క చేయగలదా, క్షేమంగా ఉందా చూడాలి. ఏ పుస్తకం, ఏ పద్ధతి అన్నది అడగకూడదు. ఇదే పరీక్ష పత్తి రైతు ఇంటికీ వర్తిస్తే, ఆ ఇంటి పిల్ల బడిలో ఉండాల్సిందేనని తేలుతుంది.

ఇంట్లో చదివే పిల్లల పేర్లు నమోదు చేసే ఇలాంటి రిజిస్టరు వద్దనేవాళ్ల భయం కొట్టిపారేసేది కాదు. రిజిస్టరు వచ్చిన మర్నాడే ఒక అధికారి వచ్చి 'ఏ సిలబస్?' అని అడుగుతాడు, మూడో నెలలో యూనిట్ టెస్టులు పెడతాడు. మన విద్యాశాఖల చరిత్ర చూస్తే అలా జరగదని హామీ ఇవ్వలేను. అయినా పేరు నమోదై ఉంటే తిరిగి బడిలో చేరాలనుకున్న పిల్లకు దారి తేలికవుతుంది. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ఇప్పటికే చెబుతోంది, బడి గుమస్తా మాత్రం టీసీ ఏదని అడుగుతూనే ఉన్నాడు. కౌన్సెలింగ్ నాటికి ఏడేళ్ల నివాస పత్రం కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగే బదులు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. ఆ కాగితం మీద, ఇన్నేళ్లూ చదువు చెప్పింది ఎవరన్న గడిలో అమ్మ పేరు రాసుకోవచ్చు.